అమ్మ నేర్చుకున్న పౌరశాస్త్రం

పోయిన నెల బేతంచెర్ల దగ్గర ఒక బడివాళ్లు క్విజ్ పోటీ పెట్టి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. ముఖ్య అతిథి అంటే పెద్ద పనేమీ కాదు. శాలువా కప్పించుకోవాలి, చీటీల్లో ఉన్న ప్రశ్నలు పిల్లల్ని అడగాలి, చివర్లో నాలుగు మంచి మాటలు చెప్పి బస్సెక్కాలి. కర్నూలులో కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైన దాన్ని, అప్పుడప్పుడూ ఏదో రాస్తుంటానని నలుగురికీ తెలుసు కాబట్టి ఇలాంటి పిలుపులు వస్తుంటాయి. అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆమె మంచం తీయడానికి నాకు చేతులు రాలేదు. ఆ మంచాన్ని చూస్తూ ఇంట్లో కూర్చోలేక ఎవరు పిలిచినా పోతున్నాను. చీటీల్లో ఉన్నవన్నీ నేను చదువుకున్న ప్రశ్నలే. నైలు నది ఏ దేశానికి ప్రాణం, బాస్టిల్ కోట ఎక్కడుండేది, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయం ఏ నగరంలో ఉంది. నేను సగం చదివేలోపే పిల్లలు బల్ల మీద కొట్టి జవాబు చెప్పేస్తున్నారు. ఓటు హక్కు ఏ వయసులో వస్తుందన్న ప్రశ్నకు నీలం రిబ్బన్ల పిల్ల లేచి పద్దెనిమిదేళ్లని చెప్పి కూర్చుంది. మా చిన్నప్పుడు ఇరవై ఒకటని చెప్పేవాళ్లం. తర్వాతి చీటీలో ఓటు రహస్యంగా ఎందుకు వేయాలి అని ఉంది. దాన్ని నేను పైకి చదవలేదు. అడుక్కి తోసేసి ఇంకొకటి తీశాను. అక్షరాలు కనపడలేదేమో అనుకుని హెడ్మాస్టరు లేచి లైటు వేయించాడు.

మా ఊరు ఆ బడికి నడిచిపోయేంత దూరమే. చుట్టూ నాపరాయి గనులు. మా ఇల్లు కింద బండలే, పైన బండలే. స్నానం చేసే చోట బండ, గోడలో గూటికి బండ, నాయన కూర్చునే చోటా బండే. ఒకటే గది. అందులోనే పొయ్యి, అందులోనే పడకలు, అందులోనే మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, గోడవారగా చుట్ట కాల్చుకుంటూ ఉండేది. నాయన పొద్దుగూకే వేళకు గని నుంచి వచ్చి, లోపలికి అడుగుపెట్టక ముందు తలగుడ్డ విప్పి టపటపా దులిపేవాడు. ఎన్నిసార్లు ముఖం కడిగినా ఆయన కనురెప్పల మీద రాతిపొడి తెల్లగా మిగిలే ఉండేది. తర్వాత దగ్గు మొదలయ్యేది. ఆ దగ్గు ఆగేదాకా ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. ఆగాక అమ్మ జొన్నరొట్టె, నంజుకోను శెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టేది. కిరసనాయిలు బుడ్డి, మాడిన రొట్టె అంచు, జేజి చుట్ట, తడిసిన రాతిపొడి, ఇవన్నీ కలిసిన వాసన ఒకటుండేది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా కొత్తగా బండలు పరిపిస్తుంటే నేను ఆ గుమ్మం ముందు కాసేపు నిలబడతాను. నిలబడి బాధపడి వస్తాను.

అమ్మ పేరు మార్తమ్మ. ఆమె బడికి పోలేదు. ఆమె చదువంతా మా వాడలోని చిన్న చర్చిలో జరిగింది. అక్కడ ఉపదేశి పిల్లల్ని వరసగా నిలబెట్టి ప్రశ్నోత్తరాలు చెప్పించేవాడు. మనల్ని చేసిందెవరు, ఎందుకు చేశాడు, మనం ఎలా నడుచుకోవాలి, ఇలా ప్రశ్న, దాని వెంటనే జవాబు. అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లకే ప్రభు బల్ల దగ్గర రొట్టె. అమ్మ చిన్న వయసులోనే అన్నీ అప్పజెప్పిందట, ఆ సంగతి చెప్పుకునేటప్పుడు ఆమె మెడ కొంచెం పైకి లేచేది. పెళ్లయ్యాక మా వాడ పిల్లలకు ఆదివారం పూట ఆ ప్రశ్నోత్తరాలు ఆమే చెప్పేది. ఆమె లెక్కలో జవాబు అంటే నోటికి వచ్చి వదిలేసేది కాదు. జవాబు చెప్పావంటే దానికి కట్టుబడ్డావని. అబద్ధమాడకూడదని జవాబు చెప్పిన పిల్లవాడు మధ్యాహ్నం అబద్ధమాడితే, వచ్చే ఆదివారం వాడిని వరసలో నిలబెట్టేది కాదు. లోకంలో ప్రశ్న, జవాబు అనే పద్ధతిలో రాసినవన్నీ ఇలాంటివేనని అమ్మ నమ్మింది. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

నేను తొమ్మిదో తరగతికి వచ్చాక మా సోషల్ సారు ఒక మార్కు ప్రశ్నలు, వాటిని బిట్లు అనేవాళ్లం, ఇంట్లో ఎవరిచేతనైనా రోజూ అడిగించుకోమన్నాడు. మా ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే. సాయంత్రం ప్రార్థన అయ్యాక అమ్మ నన్ను తన ముందు నిలబడమనేది. నేనే ప్రశ్న చదివి నేనే జవాబు చెప్పేదాన్ని. కొన్నాళ్లకు ఆమే అడగడం మొదలుపెట్టింది. పుస్తకం పని లేదు. రొట్టె తడుతూ, సరిగ్గా చర్చిలో అడిగే గొంతుతో, ఆ నిదానంతో అడిగేది. ప్రపంచ చరిత్రలో సగం దేశాలు ఆమెకు ముందే తెలుసు. మా పుస్తకంలో ఈజిప్టు అని ఉన్నది ఆమెకు బైబిలు వాక్యంలోని ఐగుప్తు. బాబిలోనియా ఆమెకు బబులోను. రోము సంగతి సరేసరి. ఆ ఊళ్లన్నీ డోన్ అవతల ఎక్కడో ఉన్నట్టు, అక్కడి రాజుల ఆగడాలు నిన్న మొన్నటివైనట్టు మాట్లాడేది. పిరమిడ్లు కట్టింది రాజులని నేను చెబితే, రాజు రాయి మోస్తాడా ఎక్కడైనా అని నాయన గోడవైపు తిరిగి నవ్వేవాడు. ఫ్రాన్సు, అమెరికాలే ఆమెకు కొత్త. ఫ్రాన్సులో రొట్టెల కోసం ఆడవాళ్లు రాజు ఇంటిదాకా నడిచిపోయారని చదివితే, తడుతున్న రొట్టె పెనం మీద మాడిపోయేదాకా విన్నది. జేజికి ఇదంతా గిట్టేది కాదు. ఇద్దరికీ పిచ్చి పట్టిందని గొణిగేది.

తర్వాత పౌరశాస్త్రం మొదలైంది. ఓటు పాఠం దగ్గర అమ్మ నన్ను కదలనీయలేదు. రహస్య ఓటు అంటే ఏమిటి అన్న బిట్టుకు, ఎవరికి వేశారో ఇతరులకు తెలియకుండా వేయడం అని జవాబు. ఇతరులంటే ఎవరెవరు అని అడిగింది. మొగుడు కూడా చూడకూడదా అంది. చూడకూడదన్నాను. అత్త? చూడకూడదు. పెద్దింటి వాళ్లు? వాళ్లూ అంతే. ఆ ఒంటి గదిలో ఆమెదంటూ ఏదీ లేదు. చీర ఆరేస్తే అందరికీ కనపడేది, ఏడిస్తే అందరికీ వినపడేది, ప్రార్థన కూడా పైకే చేసేది. మనిషికి ఒకటి ఇచ్చి, అది నీ ఒక్కదానిదే, ఎవరికీ చెప్పక్కరలేదు అని సర్కారు పుస్తకంలో అచ్చు వేశారంటే ఆమెకు నమ్మశక్యం కాలేదు. మరుసటి రోజు మళ్లీ చదివించుకుంది. ఆ తర్వాత చాలా రోజులు మిగతా బిట్లన్నీ అయ్యాక చివరి ప్రశ్న అదే అడిగేది. నేను జవాబు చెబుతుంటే పెదవులు కదిపేది. ఎవరు గెలవాలన్నది ఆమెకు పట్టలేదు. తనదంటూ ఆ ఒక్కటి ఉంటే చాలనుకుంది.

మా ఊళ్లో ఓట్లు ఎలా పడేవో ఇప్పటి పిల్లలకు చెబితే కథ అల్లుతున్నాననుకుంటారు. ఊళ్లో పెద్దిల్లు ఒకటి ఉండేది. పొలాలు వాళ్లవి, గని వాళ్లది, మా వాడకు నీళ్లిచ్చే మోటారు బావీ వాళ్లదే. ఓట్ల ముందు రోజు వాళ్ల మనిషి వచ్చి ఇంటింటికీ ఉన్న ఓటు చీటీలు పోగుచేసుకుని పోయేవాడు. మగవాళ్లలో కొందరిని తీసుకుపోయి వేయించేవాళ్లు. ఆడవాళ్ల ఓట్లు వాళ్లే గుద్దుకునేవాళ్లు. దాన్ని దౌర్జన్యమని మా వాడలో ఎవరూ అనలేదు. ఎండలో నిలబడే బాధ తప్పిందని, పైగా మధ్యాహ్నానికి బెల్లమన్నం పంపుతారని సంతోషించేవాళ్లు. జేజికి తన జీవితంలో ఎన్ని ఓట్లు పడ్డాయో తెలియదు కానీ, ఏ ఏడు బెల్లమన్నం బాగుందో తెలుసు.

నేను తొమ్మిదిలో ఉన్న ఆ ఏడు చీటీల మనిషి వస్తే అమ్మ తన చీటీ ఇవ్వలేదు. కనపడలేదని చెప్పింది. అది అబద్ధం, దానికి దేవుణ్ణి క్షమాపణ అడిగానని తర్వాత నాతో అంది. తెల్లారి చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, నన్ను వెంటబెట్టుకుని బడికి బయలుదేరింది. నాయన గుమ్మంలో నిలబడి వద్దన్నాడు, గట్టిగా అనలేకపోయాడు. మా తరగతి గదిలోనే ఓట్లు. నేను రోజూ కూర్చునే చోట పెద్దింటి మనుషులు కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఆఫీసరు ఎక్కడి నుంచో వచ్చినాయన, కళ్లజోడు, చెమటతో తడిసిన చొక్కా. అమ్మ చీటీ చూసి, కాగితాల్లో పేరు వెతికి, నీ ఓటు పడిపోయిందమ్మా అన్నాడు. అమ్మ తన వేలు చూపించింది. దాని మీద సిరా లేదు. ఆయన ఆ వేలు చూశాడు, కుర్చీల్లో వాళ్లను చూశాడు, మళ్లీ కాగితాల్లోకి చూశాడు. అప్పుడు అమ్మ, ఆమెకు వచ్చిన ఒకే పద్ధతిలో, చేతులు కట్టుకుని తనే ప్రశ్న అడిగి తనే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. "ఒక మనిషికి ఎన్ని ఓట్లు? ఒకటి. అది ఎట్లుండల్ల? రహస్యంగా ఉండల్ల. ఇంకొకరు ఏయొచ్చునా? ఏయకూడదు." గదిలో అందరూ విరగబడి నవ్వారు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ఎండగా ఉంది, ఇంటికి వెళ్లండమ్మా అని నెమ్మదిగా అన్నాడు. ఆ మర్యాద నాకు ఆ నవ్వుల కంటే ఎక్కువ గుర్తుంది. ఆయనకు అన్నీ తెలుసు, ఏమీ చేయలేదు.

మరునాడు నాయన పొద్దున పోయినవాడు పొద్దున్నే తిరిగొచ్చాడు. సుత్తి, ఉలులు గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. రావద్దన్నారని చెప్పి బండమీద కూర్చున్నాడు. అమ్మ ఆ రోజు కూడా బిట్లు అడిగింది. గొంతులో తేడా లేదు. కూలికి పోతాం, గడ్డి కోసుకుంటాం, ఏదో ఒకటి చేసుకుంటాం అంది. నాయన పని పోతే ఆమె తట్టుకోగలిగేది. కానీ దాని తర్వాత మోటారు ఆగింది. మంచి ఎండాకాలం. మా వాడ ఆడవాళ్లు బిందెలు తీసుకుని పోయి ఉత్త బిందెలతో తిరిగొచ్చారు. వాళ్లు మా ఇంటిమీదికి కొట్లాటకు రాలేదు, తిట్టలేదు. వచ్చినామె వచ్చినట్టు తన ఉత్త బిందె మా గుమ్మం ముందు పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా పోయింది. సాయంత్రానికి గుమ్మం దాటడానికి దారి లేదు. ఆదివారం అమ్మ దగ్గర పాఠం చెప్పించుకునే పిల్లల ఇళ్ల బిందెలే అన్నీ. ఉపదేశి వచ్చి, తగ్గించుకున్నవాళ్లనే దేవుడు హెచ్చిస్తాడు, పెద్దింటికి పోయి ఒక మాట చెప్పిరా అన్నాడు. అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఈ జవాబులు నాకు నేర్పింది మీరే కదా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. లేచి చీర సర్దుకుంది. ఈ పుస్తకాల పిల్లను కూడా తీసుకుపో, దీనికీ తెలియాలి అని జేజి నన్ను ముందుకు తోసింది.

పెద్దింటాయన వసారాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. నేను తిట్లకు, దెబ్బలకు సిద్ధపడి పోయాను. ఆయన కోపంగా లేడు. పేపరు మడిచి పక్కన పెట్టి, నన్ను చూసి, బాగా చదువుకుంటున్నావా పాపా అని కూడా అడిగాడు. తర్వాత అమ్మవైపు తిరిగాడు.

"ఏం మార్తమ్మా, ప్రశ్నలూ జవాబులూ శానా బాగా సెప్తాండావంటనే. నేనూ ఒకటి అడుగుతా. మీ వాడలో ఓట్లు ఎవురియి?"

అమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఉపదేశి ముందు ఎలా నిలబడేదో, పిల్లలను ఎలా నిలబెట్టేదో, అలాగే. నేను పక్కనే ఉన్నాను. ఆమె ముంజేయి నా చెవికి తగులుతోంది.

"మీయే సామీ," అంది.

"రహస్యమంట గదా?"

"మా కాడ ఏం రహస్యాలుంటాయి సామీ."

ఆయన తల ఊపి, సరే పోండి, మోటారు వేయిస్తానన్నాడు. మేము ఊరి మధ్యలోంచి వెనక్కు నడిచాం. మేము ఇంటికి చేరేలోపే నీళ్లు వచ్చాయి, గుమ్మం ముందు బిందెలన్నీ ఎవరివి వాళ్లు తీసుకుపోయారు. వారం తిరిగేలోపు నాయనను గనిలోకి రానిచ్చారు. ఊళ్లో అంతా సర్దుకుంది. నీళ్లు వచ్చిన ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక నేను ఎప్పటిలాగే అమ్మ ముందు పోయి నిలబడ్డాను. ఆమె పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ, నువ్వే చదువుకో పాపా అంది. అంతే, మళ్లీ ఎప్పుడూ ఒక్క బిట్టు అడగలేదు. ఐగుప్తు గురించి కూడా అడగలేదు. ఆదివారం పిల్లలకు ప్రశ్నోత్తరాలు చెప్పడమూ మానేసింది. ఒంట్లో బాగాలేదని రెండు వారాలు, పని ఉందని రెండు వారాలు తప్పించుకుంటే ఉపదేశి ఇంకొకామెను పెట్టుకున్నాడు. ఆమె చర్చికి పోయేది, పాటలు పాడేది, రొట్టె తీసుకునేది. కానీ తను అబద్ధం జవాబు చెప్పినదాన్నని ఆమె అనుకుంది. తన లెక్క ప్రకారం తనను తానే వరసలో నుంచి పక్కకు నిలబెట్టుకుంది. పదో తరగతి పరీక్షలో నాకు ఆ రహస్య ఓటు బిట్టే వచ్చింది. సరైన జవాబు రాసి మార్కు తెచ్చుకున్నాను. మా బడిలో సోషల్‌లో మొదటి మార్కు నాదే అని సారు ఇంటికొచ్చి చెబితే అమ్మ ఆయనకు మంచినీళ్లు ఇచ్చి లోపలికి పోయింది.

క్విజ్ అయ్యాక మా ఊరివైపు నడిచి వచ్చాను. ఇప్పుడు ఇంటింటికీ కొళాయి ఉంది. గనుల చోట నీళ్లు నిలిచిన గుంతలు, రోడ్డు పొడవునా పాలిష్ ఫ్యాక్టరీలు, బండల లారీలు. పెద్దింటాయన ఎప్పుడో పోయాడు, పిల్లలు కడపలో కాంట్రాక్టులు చేసుకుంటున్నారు. మా వాడ ఆడపిల్లలు ఓటేసి వచ్చి సిరా వేలు పైకెత్తి ఫోటోలు దిగుతారు. వాళ్లను చూస్తే సంతోషించాలని నాకు తెలుసు, సంతోషిస్తాను కూడా. కానీ ఆ రోజు గుమ్మం ముందు బిందె పెట్టిన ఒకామె ఇంకా ఉంది, పళ్లన్నీ ఊడిపోయాయి. నన్ను పట్టుకుని మీ యమ్మ మంచిది అని ఏడ్చింది. ఏది మారిందో, ఏది మారలేదో తూకం వేసి చెప్పమంటే నాకు చేతకాదు. నీళ్లు వచ్చాయి, మంచిదే. మా అమ్మకు వాటి కోసం పోయినది మాత్రం రాలేదు.

నాయన ఊపిరితిత్తుల్లో రాతిపొడి నిండి చనిపోయాక అమ్మను కర్నూలు తెచ్చుకున్నాను. అక్కడ ఆమెకు ఓటు రాయించాను. ప్రతి ఎన్నికలకూ ఆ పొద్దున ఆమెకు మోకాళ్ల నొప్పి వచ్చేది. నేను బలవంతం చేయలేదు. కడసారి ఎన్నికలప్పుడు, బాగా పెద్దవాళ్లకు ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటామన్నారు. ఆమెను అడిగితే సరే అంది. ఆ మాట విని నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను, ముందు రోజే కొత్త చీర తీసి పెట్టాను. ఆఫీసర్లు వచ్చారు, వీడియో తీసే కుర్రవాడు వచ్చాడు. మంచం పక్కన బల్ల మీద అట్టముక్క అడ్డం పెట్టి, అమ్మకు కాగితం, పెన్ను ఇచ్చారు. ఎవరు నచ్చితే వాళ్ల ఎదురుగా గుర్తు పెట్టమని, ఎవరూ చూడరని చెప్పారు. అందరం పక్కకు తిరిగి నిలబడ్డాం. చాలాసేపు పట్టింది. పెద్దామె కదా అని వాళ్లూ ఓపిక పట్టారు. చివరికి ఆమె కాగితం మడిచి, తన చేత్తోనే కవర్లో పెట్టి ఇచ్చింది. వేలిముద్ర వేయించుకుని, దండం పెట్టి వాళ్లు వెళ్లిపోయారు.

నేను మంచం మీద కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను. ఎవరికి వేశావని అడగలేదు. మొత్తానికి నీ ఓటు నువ్వు వేసుకున్నావమ్మా అన్నాను. అమ్మ అటూ ఇటూ చూసి, నన్ను దగ్గరికి రమ్మని, చెవిలో చెప్పింది.

"నేనేం గీయలేదు పాపా. ఖాళీగానే పెట్టేసినా. అట్లయితే ఎవురికీ కోపం రాదు గదా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో దిగులు లేదు. నన్ను కాపాడినదానిలా నెమ్మదిగా నా చేయి నిమురుతూ ఉంది.